నెఫీలులు, అనాకీయులు, ఓగు, గొల్యాతు: అందరిదీ ఒకే వంశమా?

బ్రదర్, మిగతావాళ్లకి కూడా అర్థం కావాలి కాబట్టి ముందు మీ ప్రశ్నని నా మాటల్లో చెప్తాను. యూత్ మీటింగ్ కోసం మీరు ఒక చార్టు గీస్తున్నారు. ఏదో వీడియోలో చెప్పిన ప్రకారం పైన దేవదూతలు, కింద నెఫీలులు (ఆదికాండం 6లో కనిపించే పూర్వకాలపు శూరులు), వాళ్ల కింద హెబ్రోను పొడుగు మనుషుల మూలపురుషుడు అనాకు, తర్వాత రెఫాయీయులు అనే ఇంకో పాత జనం, యొర్దానుకి తూర్పున ఉన్న బాషానుకి రాజు ఓగు, అట్టడుగున గొల్యాతు, ఇలా బాణాలు పెట్టి ఒకే వంశవృక్షం చేశారు. గీశాక మీకే డౌట్ వచ్చింది. జలప్రళయంలో నోవహు ఇంట్లో ఎనిమిది మంది తప్ప ఎవరూ మిగల్లేదు కదా, మరి నెఫీలులు సంఖ్యాకాండంలో మళ్లీ ఎలా ప్రత్యక్షమయ్యారు? గొల్యాతు నిజంగా వాళ్ల సంతానమేనా? ఆ వీడియోలో చూపించిన పెద్ద అస్థిపంజరం నిజమేనా?

పాత నిబంధన హీబ్రూలో చాలా ఏళ్లుగా చదువుతున్నాను, చదివిస్తున్నాను కూడా. ఈ చార్టు నా దగ్గరికి ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. సూటిగా చెప్పాలంటే మీ బాణాల్లో చాలావరకు బైబిల్ గీసినవి కావు, తర్వాతి కాలం వాళ్లు చదువుతూ చదువుతూ గీసుకున్నవి. బైబిల్లో ఈ ఎత్తు మనుషుల ప్రస్తావన కనీసం మూడు నాలుగు వేరు వేరు చోట్ల, వేరు వేరు పని మీద వస్తుంది. వాళ్లలో ఎవరినైనా నెఫీలులకి ముడిపెట్టే వాక్యం మొత్తం మీద ఒక్కటే. ఆ వాక్యం ఎవరి నోట వచ్చిందో చూశాక మీకు ఆ బాణం గీయడానికి చెయ్యి రాదు.

ముందు అస్థిపంజరం సంగతి, అది తేలిక. మీరు లింకు పెట్టిన ఫోటో 2002లో ఒక ఆన్‌లైన్ ఫోటో ఎడిటింగ్ పోటీ కోసం ఎవరో తయారు చేసింది. అసలు ఫోటో 2000లో అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం హైడ్ పార్క్ దగ్గర కార్నెల్ యూనివర్సిటీ వాళ్లు పాల్గొన్న తవ్వకానిది, అక్కడ బయటపడింది మాస్టడాన్, అంటే ఏనుగు లాంటి అంతరించిపోయిన జంతువు. దాని మీద మనిషి అస్థిపంజరం అతికించారు. అదే ఫోటో అరబ్ దేశాల్లో ఖురానులో చెప్పిన పాత ఆద్ జాతి మనిషిదని తిరిగింది, మన దేశంలో ఘటోత్కచుడిదని తిరిగింది, ఇప్పుడు మన చర్చి గ్రూపుల్లో నెఫీలుడిదై తిరుగుతోంది. పాపం, ఎవరికి కావాల్సిన పేరు వాళ్లు పెట్టుకున్నారు. ఇది ఇంటర్నెట్ జబ్బు అనుకోకండి, చాలా పాతది. మొదటి శతాబ్దంలో యూదు చరిత్రకారుడు జోసీఫస్, హెబ్రోనులో ఆ మహాకాయుల ఎముకలు తన రోజుల్లో కూడా చూపిస్తున్నారని రాశాడు. ఐదో శతాబ్దంలో క్రైస్తవ వేదాంతి అగస్టీన్ ఉత్తర ఆఫ్రికాలోని ఉతికా సముద్రతీరంలో మామూలు పన్నుకి వంద రెట్లుండే మనిషి పన్ను స్వయంగా చూశానని రాశాడు. ఏనుగు జాతి జంతువు దంతశిలాజం అయ్యుంటుందని ఇప్పటివాళ్ల అంచనా. అంత పెద్ద మేధావే మోసపోయాడు కాబట్టి ఆ ఫోటో ఫార్వర్డ్ చేసిన మీ ఫ్రెండుని మరీ తిట్టకండి.

ఇక అసలు విషయం. ఆదికాండం 6వ అధ్యాయం మొదటి నాలుగు వచనాలు ఒకసారి నిదానంగా చదవండి. దేవుని కుమారులు నరుల కుమార్తెలను చూసి పెళ్లి చేసుకున్నారు, ఆ దినాల్లో నెఫీలులు భూమి మీద ఉన్నారు, తరువాత కూడా ఉన్నారు, పూర్వకాలంలో పేరు పొందిన శూరులు వీళ్లే. అంతే, నాలుగు వచనాల్లో అయిపోయింది. అందులో ఎత్తు గురించి ఒక్క ముక్క లేదు. నెఫీలులు ఆ పెళ్లిళ్లకి పుట్టిన పిల్లలే అని కూడా సూటిగా లేదు, ఆ రోజుల్లో వాళ్లు ఉన్నారని మాత్రమే ఉంది. పిల్లలే అని చదవొచ్చు, చాలామంది అలాగే చదివారు, నాకూ ఆ చదువే సహజంగా అనిపిస్తుంది. కానీ రాసినాయన ఏదో అందరికీ తెలిసిన పాత కథని గుర్తు చేసి, వివరం చెప్పకుండా ముందుకి వెళ్లిపోయినట్టు ఉంటుంది. ఆదాము నుంచి నోవహు దాకా ఎవరు ఎన్నేళ్లకి ఎవరిని కన్నారో ఐదో అధ్యాయమంతా లెక్క వేసి చెప్పిన పుస్తకం, ఇక్కడ ఒక్క తండ్రి పేరు గానీ ఒక్క కొడుకు పేరు గానీ చెప్పదు.

ఈ దేవుని కుమారులు ఎవరు అన్నదాని మీద రెండువేల ఏళ్లకు పైగా గొడవ నడుస్తోంది. అన్నిటికంటే పాత వ్యాఖ్యానం దేవదూతలని. పాత యూదు రచన హనోకు గ్రంథం అలాగే చెప్తుంది, యూదు తత్వవేత్త ఫిలో, జోసీఫస్ అలాగే రాశారు, గ్రీకు అనువాదం సెప్టువజింట్ ప్రతుల్లో కొన్నిట్లో నేరుగా దేవదూతలు అనే ఉంటుంది. యోబు మొదటి అధ్యాయంలో దేవుని కుమారులు యెహోవా సన్నిధికి వచ్చారన్న చోట కూడా అర్థం పరలోకవాసులనే. రెండో వ్యాఖ్యానం రబ్బీలది, అంటే యూదు మతగురువులది. వీళ్లు దేవదూతలు కారు, పెద్దల కొడుకులు, న్యాయాధిపతుల కొడుకులు అని. రబ్బీ షిమోను బెన్ యోహాయి అయితే వీళ్లని దేవుళ్ల కొడుకులు అనేవాళ్లని శపించాడట. మూడోది మన చర్చిల్లో ఎక్కువ వినిపించేది, షేతు సంతతి మగవాళ్లు, కయీను సంతతి ఆడవాళ్లు అనేది. దీన్ని మూడో శతాబ్దంలో జూలియస్ ఆఫ్రికానస్ చెప్పాడు, అగస్టీన్ గట్టిగా నిలబెట్టాడు. దేవదూతలు పెళ్లి చేసుకోరని మత్తయి 22లో యేసు అన్న మాట దీనికి బలం. నా మటుకు నాకు షేతు వాదం నిలవదనిపిస్తుంది, ఎందుకంటే మొదటి వచనంలో నరులు అంటే మనుషులందరూ అయి, రెండో వచనానికి వచ్చేసరికి కయీను సంతతి మాత్రమే ఎలా అవుతారు? పైగా అన్నదమ్ముల పిల్లల మధ్య పెళ్లిళ్లు జరిగితే మహాశూరులు ఎందుకు పుడతారు? అయినా ఇది నా అభిప్రాయం, మీ పాస్టరుగారు ఇంకోలా చెప్తే వాదనకి దిగకండి, ఆయన వెనక కూడా పెద్ద పెద్దవాళ్లే ఉన్నారు.

మీరు వీడియోలో చూసిన కథలో తొంభై శాతం ఆదికాండంలోది కాదు, హనోకు గ్రంథంలోది. రెండు వందల మంది కావలి దూతలు హెర్మోను కొండ మీదకి దిగడం, వాళ్ల నాయకుడు షెమిహాజా, ఆయుధాలూ అలంకారాలూ నేర్పించిన అజాజేలు, పుట్టిన పిల్లలు ముందు పంటలన్నీ తినేసి తర్వాత మనుషుల్నే తినడం మొదలుపెట్టడం, ఇదంతా అక్కడిదే. ఆ భాగం క్రీస్తుపూర్వం మూడో శతాబ్దం నాటిదని పండితులు లెక్క వేస్తారు. దాని అరామిక్ ముక్కలు మృతసముద్రం దగ్గర కుమ్రాను గుహల్లో దొరికాయి, పుస్తకం పూర్తిగా మిగిలింది మాత్రం ఇథియోపియా వాళ్ల గీజ్ భాషలో. ఇథియోపియా ఆర్థడాక్స్ చర్చికి అది బైబిల్లో భాగమే. గీజ్ ప్రతిలో ఆ మహాకాయుల ఎత్తు మూడు వేల మూరలు! మూరకి 45 సెంటీమీటర్లు వేసుకోండి, కిలోమీటరు మీద ఇంకో మూడువందల యాభై మీటర్లు వస్తుంది. ఇది కొలత అనుకుని చార్టులో వేసేవాళ్లని చూశాను, దయచేసి మీరు వేయకండి. కుమ్రానులోనే దానికి తోడు మహాకాయుల గ్రంథం అని ఇంకో రచన ముక్కలు కూడా దొరికాయి. అందులో షెమిహాజా కొడుకులు ఓహ్యా, హహ్యా అని ఉంటారు, వాళ్లకి పీడకలలు వస్తాయి, ఇంకా తమాషా ఏంటంటే గిల్గమేషు కూడా ఒక మహాకాయుడిగా కనిపిస్తాడు, బబులోను వాళ్ల ఇతిహాస నాయకుడు. అంటే ఆ రాసినవాళ్లు పొరుగువాళ్ల గొప్ప వీరుణ్ణి తీసుకొచ్చి పాపిష్టి సంతానంలో కలిపేశారన్నమాట.

హనోకు అంత గట్టి కథ కాబట్టే కొత్త నిబంధన కాలానికి అది అందరికీ తెలుసు. యూదా పత్రిక 14వ వచనం హనోకు ప్రవచనమని చెప్పేది అందులోని మాటే, 6వ వచనంలో తమ నివాసం విడిచిన దూతలు కూడా ఆ కథకే దగ్గర. అందుకని ఆ గ్రంథాన్ని పక్కన పారేయమని నేను అనను, చదవండి, బాగుంటుంది. కానీ హీబ్రూ లేఖనాల్లో రాసి ఉన్నది ఏది, దాని మీద తర్వాత కట్టింది ఏది అన్నది చార్టులో కలిపేస్తే పిల్లలు రెండూ ఒకటే అనుకుంటారు.

ఇప్పుడు మీ మొదటి డౌటు, జలప్రళయం. ఇది మీ ఒక్కరికే వచ్చింది కాదు, పాత రబ్బీలకీ ఇదే టెన్షన్. ఆరో అధ్యాయంలో తరువాత కూడా ఉన్నారు అని ఉంది, ఏడో అధ్యాయంలో నేల మీద ఊపిరి ఉన్నదంతా చచ్చిపోయింది అని ఉంది, మరి రెండూ ఎలా కుదురుతాయి? వాళ్లు ఇచ్చిన జవాబు ఓగు. ద్వితీయోపదేశకాండం 3:11లో రెఫాయీయుల్లో మిగిలినవాడు ఓగు ఒక్కడే అని ఉంది కదా, దేని నుంచి మిగిలాడు అని ఆలోచించి, జలప్రళయం నుంచే అని తేల్చారు. ఒక తర్గుములో, అంటే లేఖనాల పాత అరామిక్ అనువాదంలో, ఓగు ఓడ కప్పు మీద కూర్చుని తప్పించుకుంటాడు, నోవహు అతనికి తిండి కూడా పెడతాడు. రబ్బీల బోధల సంకలనం తల్మూదులో నిద్దా అనే భాగంలో అమోరీయుల రాజు సీహోను, ఓగు అన్నదమ్ములని, అహియా కొడుకులని, ఆ అహియా షెమ్హాజాయి కొడుకని ఉంటుంది. చూశారా, పైన చెప్పిన షెమిహాజా, ఓహ్యా, ఆ పేర్లే ఇంకో రూపంలో తిరిగొచ్చాయి. ఇంకో చోట ఓగు ఇశ్రాయేలు దండు మీద వేయడానికి ఏకంగా ఒక కొండ పెకలించుకొస్తాడు, దానికి చీమలు చిల్లులు పెడతాయి, పది మూరల మోషే పది మూరల గొడ్డలి పట్టుకుని పది మూరలు ఎగిరి కొడితే అది ఓగు చీలమండకి తగులుతుంది. చెప్పుకోవడానికి ఎంత బాగుందో! వంశవృక్షం కోసం మాత్రం కాదు.

నా జవాబు ఇంతకంటే నీరసంగా ఉంటుంది: ఆదికాండం, సంఖ్యాకాండం ఈ చిక్కు విప్పడానికి ప్రయత్నమే చేయలేదు. ఆదికాండం 10వ అధ్యాయం నోవహు ముగ్గురు కొడుకుల నుంచి జనాలు ఎలా పుట్టారో పేరుపేరునా చెప్తుంది. కనాను సంతానంలో సీదోను, హేతు, యెబూసీయులు, అమోరీయులు, గిర్గాషీయులు అంటూ అర్కీయులు, సీనీయుల లాంటి ఎవరికీ తెలియని చిన్న చిన్న జనాల దాకా లెక్క ఉంది. అందులో అనాకీయులు లేరు, రెఫాయీయులు లేరు, నెఫీలులు లేరు. మన పురాణాలు విని పెరిగినవాళ్లకి ఇది వింతగా ఉంటుంది, రావణుడు ఎవరి కొడుకంటే విశ్రవసు కొడుకు, పులస్త్యుడి మనవడు అని చిన్నపిల్లలు కూడా చెప్తారు. అలాంటి వంశం చెప్పడం హీబ్రూ రచయితలకి చేతకాక కాదు, వంశావళుల్లో వాళ్లని మించినవాళ్లు లేరు. అయినా ఈ మహాకాయులకి మాత్రం రాయలేదు.

ఇక ఆ ఒక్క వాక్యం దగ్గరకి వద్దాం, సంఖ్యాకాండం 13. మోషే పన్నెండు మందిని కనాను వేగు చూడటానికి పంపాడు. 22వ వచనంలో కథ చెప్పే రచయితే తన మాటగా, హెబ్రోనులో అనాకు సంతతివాళ్లు అహీమాను, షేషయి, తల్మయి ఉన్నారని చెప్తాడు. 28లో వేగులవాళ్లు వచ్చి అక్కడ అనాకు సంతతిని చూశామని చెప్తారు. ఇక్కడి దాకా ఎక్కడా నెఫీలుల మాట లేదు. తర్వాత కాలేబు లేచి, వెళ్దాం, మనవల్ల అవుతుంది అంటాడు. అప్పుడు మిగతా పదిమంది రివర్స్ అవుతారు. 32లో వాళ్లు చెడ్డ సమాచారం చెప్పారని రచయితే ముందే హెచ్చరిస్తాడు, ఆ దేశం తన నివాసుల్ని మింగేసే దేశం, మేము చూసిన ప్రతి ఒక్కడూ పొడుగే అని మొదలుపెట్టి, 33లో అక్కడ నెఫీలుల్ని చూశాం, వాళ్ల ముందు మేము మిడతల్లా ఉన్నాం అంటారు. భయపడినవాడి నోట్లో పాము కొండచిలువ అయినట్టు, అనాకీయులు కాస్తా నెఫీలులు అయ్యారు. ఆ పదిమంది తెగులుతో చచ్చిపోయారని తర్వాతి అధ్యాయంలో ఉంది. వాళ్లని సాక్షులుగా పెట్టుకుని మీరు చార్టులో అతి ముఖ్యమైన బాణం గీస్తున్నారు!

ఇంకా గట్టి ఆధారం కావాలంటే రెండు చెప్తాను. ఆ వచనంలో అనాకు వంశం నెఫీలుల సంబంధం అన్న ముక్క సెప్టువజింట్లో లేదు, అక్కడ మహాకాయుల్ని చూశాం అని మాత్రమే ఉంటుంది, అందుకే అది తర్వాత ఎవరో అంచులో రాసిన వివరణ లోపలికి వచ్చిందని చాలామంది పండితుల అభిప్రాయం. రెండోది, మోషే ఇదే సంఘటనని ద్వితీయోపదేశకాండం మొదటి అధ్యాయంలో తిరిగి చెప్పినప్పుడు అనాకీయులు అంటాడు, తొమ్మిదో అధ్యాయంలో కూడా అనాకీయుల ఎదుట ఎవరు నిలవగలరు అన్న సామెతలాంటి మాట చెప్తాడు గానీ నెఫీలుల పేరెత్తడు. ఆ తర్వాత హీబ్రూ బైబిల్లో ఆ పేరు మళ్లీ స్పష్టంగా ఎక్కడా రాదు.

అనాకు కుటుంబానికి మాత్రం చిన్న వంశావళి ఉంది, ఇది మీరు ధైర్యంగా గీయొచ్చు. యెహోషువ 15:13 ప్రకారం అర్బా అనాకుకి తండ్రి, అతని పేరు మీదే హెబ్రోనుకి పాత పేరు కిర్యతర్బా. అర్బా, అనాకు, ఆ కింద ముగ్గురు, అంతే. ఈ ముగ్గుర్నీ వెళ్లగొట్టింది ఎవరన్నది కూడా సరదాగా ఉంటుంది: యెహోషువ 11లో యెహోషువ, 15లో కాలేబు, న్యాయాధిపతులు 1వ అధ్యాయంలో ఒక చోట యూదా గోత్రం, పది వచనాల తర్వాత మళ్లీ కాలేబు. కాలేబు అప్పటికి ఎనభై ఐదేళ్లవాడు, నాకు ఆ కొండ ప్రాంతమే కావాలి, అనాకీయులున్నది అక్కడే కదా అని అడిగి మరీ తీసుకున్నాడు. యూత్ మీటింగ్‌లో ఈ ముసలాయన గురించి చెప్పండి, నెఫీలుల కంటే బాగా గుర్తుంటుంది. యెహోషువ 11:22 ఇంకో ముఖ్యమైన ముక్క చెప్తుంది, అనాకీయులు గాజా, గాతు, అష్డోదులో మాత్రం మిగిలారని. గాతు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

రెఫాయీయుల సంగతి వేరు, వీళ్ల ఊళ్లు ఎక్కువగా యొర్దానుకి తూర్పున. ఆదికాండం 14లో అబ్రాహాము కాలంలోనే అష్తారోతు కర్నాయీములో రెఫాయీయులు, హాములో జూజీయులు, ఇంకో చోట ఏమీయులు రాజుల చేతిలో ఓడిపోతారు. ద్వితీయోపదేశకాండం 2వ అధ్యాయం నాకు ఈ మొత్తం సబ్జెక్టులో అన్నిటికంటే ఇష్టమైనది, వీడియోలు చేసేవాళ్లు దీన్ని దాదాపు ముట్టుకోరు. మోషే ప్రసంగం మధ్యలో ఎవరో బ్రాకెట్లు పెట్టినట్టు పాత చరిత్ర వస్తుంది. మోయాబు దేశంలో పూర్వం ఏమీయులు ఉండేవాళ్లు, అనాకీయులంత పొడుగు, వాళ్లని కూడా రెఫాయీయులనే లెక్కేస్తారు గానీ మోయాబీయులు వాళ్లకి ఏమీయులని పేరు పెట్టారు. అమ్మోను దేశంలో కూడా అంతే, అమ్మోనీయులు వాళ్లని జంజుమ్మీయులు అంటారు. అంటే ఒకే రకం మనుషులకి ఊరుకో పేరు. వాళ్లని అక్కడ్నుంచి తీసేసింది ఎవరు? అమ్మోనీయుల ముందు నుంచి యెహోవాయే వాళ్లని నశింపజేశాడని 21వ వచనం. ఇశ్రాయేలు కోసం కాదు, లోతు సంతానమైన మోయాబీయులు, అమ్మోనీయుల కోసం! ఏశావు సంతానం కోసం హోరీయుల్ని తీసేశాడు. ఇదంతా ఎందుకు చెప్తున్నాడంటే, నలభై ఏళ్ల క్రితం మిడతల్లా ఉన్నామని ఏడ్చిన వాళ్ల పిల్లలతో, మీ పక్కింటి మోయాబు, అమ్మోను ఇలాంటి పొడుగు మనుషుల్ని ఎప్పుడో దాటేశారు అని ఎత్తిపొడవడానికి. ఇక్కడ వంశం కాదు విషయం, ఏ నేల ఎవరికి ఎలా వచ్చిందన్నది విషయం.

ఓగు ఈ రెఫాయీయుల్లో చివరివాడు. అతని ఇనుప మంచం అమ్మోనీయుల రబ్బాలో ఉందని, తొమ్మిది మూరల పొడుగు, నాలుగు మూరల వెడల్పు అని ఉంది. రబ్బా అంటే ఇప్పటి జోర్డాన్ రాజధాని అమ్మాన్. నాలుగు మీటర్ల పొడుగు, మీటరూ ఎనభై వెడల్పు. మంచం పొడుగుని మనిషి పొడుగుగా చదివేసి పదమూడు అడుగుల ఓగు అంటారు, ఎవరైనా తన ఎత్తుకి సరిగ్గా సరిపోయే మంచం చేయించుకుంటారా? కొందరు అది మంచం కాదు, బాషాను ప్రాంతంలో దొరికే నల్లటి బసాల్టు రాతి సమాధి అంటారు, ఆ గోలాను ప్రాంతంలో పెద్ద పెద్ద బండలు నిలబెట్టి కట్టిన పురాతన సమాధులు వేలల్లో ఉన్నాయి. అవి చూసినవాళ్లకి ఇక్కడ మహాకాయులు ఉండేవాళ్లని అనిపించడంలో వింత లేదు. ఇంకో కబురు, బబులోనులో మర్దూకు దేవుడి మంచం కొలతలు ఒక పలకలో ఉన్నాయి, అవీ తొమ్మిది మూరలు, నాలుగు మూరలే. కాకతాళీయమో కాదో మీరే చెప్పండి.

రెఫాయీయుల గురించి ఇంకో కోణం ఉంది, దీన్ని వదిలేస్తే అన్యాయం అవుతుంది. యెషయా 14లో, కీర్తన 88లో, సామెతల్లో ఇదే హీబ్రూ మాట పాతాళంలో ఉన్న చచ్చినవాళ్లకి వాడారు. సిరియా తీరంలో రస్ షమ్రా దగ్గర 1929 నుంచి దొరికిన ఉగారిత్ అనే పురాతన నగరపు పలకల్లో కూడా దాదాపు ఇదే పేరుతో చనిపోయిన రాజుల్ని, పితరుల్ని క్రతువుల్లో పిలుస్తారు. ఒక పలకలో రపియు అనే శాశ్వత రాజు అష్తారోతులో, ఎద్రెయీలో కొలువుంటాడని చాలామంది చదువుతారు. యెహోషువ 12:4 తీసి చూడండి, రెఫాయీయుల శేషమైన ఓగు అష్తారోతులోను ఎద్రెయీలోను నివసించేవాడు! ఆ రెండు ఊళ్లే. కాబట్టి బాషాను అంటే చుట్టుపక్కల వాళ్ల మనసులో పూర్వపు మహారాజుల, మృతవీరుల ప్రాంతం అనే భావన ముందే ఉందని, బైబిల్లో ఓగు కథ ఆ నేపథ్యంలో చెప్పిందని నా నమ్మకం. పైగా ఈ ఓగునే ద్వితీయోపదేశకాండం అమోరీయుల రాజు అని కూడా అంటుంది, ఆమోసు 2:9లో అమోరీయులంతా దేవదారు చెట్లంత ఎత్తు అంటాడు. రెఫాయీయులు ఒక జాతా, ఒక తరమా, ఒక బిరుదా అన్నది అక్కడే కలగాపులగంగా ఉంటే మనం సరళరేఖ గీస్తే ఎలా?

గొల్యాతు. 1 సమూయేలు 17 మన తెలుగు బైబిల్లో ఆరు మూరల జేనెడు ఎత్తు, అంటే తొమ్మిదిన్నర అడుగులు. కానీ కుమ్రాను నాలుగో గుహలో దొరికిన సమూయేలు ప్రతిలో, సెప్టువజింట్ పాత ప్రతుల్లో, జోసీఫస్ దగ్గర నాలుగు మూరల జేన అనే ఉంది, ఆరడుగుల ఏడంగుళాల దాకా వస్తుంది. నేను ఇదే అసలు పాఠం అంటాను, ఎందుకంటే ప్రతులు రాసేవాళ్ల చేతిలో శత్రువులు పెరుగుతారు గానీ తగ్గరు. అది తక్కువేం కాదు. సౌలే అందరికంటే తల ఎత్తు పొడుగని తొమ్మిదో అధ్యాయంలో చెప్పారు, నిజానికి గొల్యాతుతో పోటీకి దిగాల్సింది అతనే, డేరాలో కూర్చున్నాడు. కవచం ఐదువేల తులాల కంచు, యాభై కిలోల పైచిలుకు, ఈటె మొన ఆరువందల తులాల ఇనుము, దాదాపు ఏడు కిలోలు. రచయితకి అసలు ఆసక్తి ఆ లోహం మీదే, ఎత్తు మీద ఒక్క వాక్యమే.

వంశం? 17వ అధ్యాయం అంతా వెతకండి, అనాకీయుడని లేదు, రెఫాయీయుడని లేదు. గాతువాడు, ఫిలిష్తీయుడు, అంతే. సంబంధం వచ్చేది 2 సమూయేలు 21 చివర్లో: ఇష్బిబేనోబ, సఫు, గొల్యాతు, చేతికీ కాలికీ ఆరేసి వేళ్లున్న పేరులేని ఒకడు, ఈ నలుగురు గాతులో రాఫా (రెఫాయీయుల పేరు లాంటిదే) సంతతివాళ్లు. దీన్ని యెహోషువ 11:22తో, అదే గాతులో మిగిలిన అనాకీయులతో కలిపితే ఒక అందమైన గీత వస్తుంది, బహుశా పాత పాఠకులు అలా కలపాలనే రాసినవాళ్ల ఉద్దేశం కూడా. నేను దీన్ని చుక్కల గీతగా వేస్తాను. ఎందుకు చుక్కలంటే, ఫిలిష్తీయులు ఆ నేలవాళ్లు కారు. ఆమోసు 9:7 వాళ్లు కఫ్తోరు (క్రీటు ద్వీపమని చాలామంది అంచనా) నుంచి వచ్చారంటుంది, ద్వితీయోపదేశకాండం 2:23 కఫ్తోరీయులు వచ్చి గాజా దాకా ఉన్న అవ్వీయుల్ని తుడిచిపెట్టారంటుంది. 2019లో ఫిలిష్తీయుల పట్టణం అష్కెలోనులో దొరికిన ఎముకల జన్యు పరీక్షలు ప్రచురించారు, ఫిలిష్తీయులు వచ్చిన కొత్తలో పూడ్చిన పసిపిల్లల్లో దక్షిణ ఐరోపా వైపు వారసత్వం కనిపించింది, తర్వాతి తరాల్లో స్థానికుల్లో కలిసిపోయింది. గాతు తవ్వకాల్లో, అంటే ఇప్పటి తెల్ ఎస్ సాఫీలో, గొల్యాతు పేరుకి దగ్గరగా ఉండే సెమిటిక్ కాని రెండు పేర్లు గీకిన పెంకు ముక్క దొరికిందని 2005లో ప్రకటించారు. అది గొల్యాతుదే అని ఎవరూ అనలేదు, అలాంటి పేర్లు ఆ ఊళ్లో పెట్టుకునేవాళ్లని మాత్రం తెలిసింది. కాబట్టి పేరు సముద్రం అవతలిది, ఊరు ఫిలిష్తీయులది, రక్తం స్థానిక రాఫా వంశానిది కావచ్చు, బైబిల్ చెప్పినంతలో అతను అలాంటి కలగలుపు మనిషి.

ఇక చార్టు. ఒక షీటు కాదు, మూడు వేయండి. మొదటి దాంట్లో అర్బా, అనాకు, ముగ్గురు కొడుకులు, గట్టి గీతలు, పైన ఎవరూ లేరు. రెండో దాంట్లో రెఫాయీయులు, పక్కనే ఏమీయులు, జంజుమ్మీయులు వాళ్లకున్న వేరే పేర్లుగా, చివర ఓగు, పైన తండ్రి గడి ఖాళీ. మూడో దాంట్లో రాఫా, గాతు నలుగురు, అనాకీయుల వైపు ఒక చుక్కల గీత. నెఫీలుల్ని విడిగా పెట్టి, కింద వేగులవాళ్లు ఇలా అన్నారు అని రాయండి. దూతలు, హెర్మోను కొండ, ఓడ కప్పు మీద ఓగు, ఇవి వేరే రంగులో, హనోకు, తల్మూదు అని శీర్షిక పెట్టి వేస్తే పిల్లలు కూడా ఎంజాయ్ చేస్తారు.

ఒక్క ప్రశ్నకి మాత్రం రెడీ అయి వెళ్లండి, చురుకైన పిల్ల ఎవరో ఒకరు అడుగుతారు. మూడో షీటులో గొల్యాతు పేరు ఉంటుంది కదా, 2 సమూయేలు 21:19లో హీబ్రూ ప్రకారం అతన్ని చంపింది బేత్లెహేమువాడు ఎల్హానాను, దావీదు కాదు. 1 దినవృత్తాంతములు 20:5లో అదే ఎల్హానాను గొల్యాతు తమ్ముడు లహ్మీని చంపాడని ఉంటుంది. సమూయేలు ప్రతి రాసేటప్పుడు అక్షరాలు చెదిరి తమ్ముడు అన్నది పోయిందని కొందరు, దినవృత్తాంతాలు రాసినాయనే చిక్కు గమనించి సర్దాడని కొందరు. నేను రెండో వైపు మొగ్గుతాను, ఎందుకంటే బేత్లెహేమువాడు అన్న హీబ్రూ మాటలోని చివరి ముక్కే లహ్మీ అనే పేరు అయినట్టు కనిపిస్తుంది. కానీ మొదటి వైపు వాదించేవాళ్లు కూడా చదువుకున్నవాళ్లే. రెండు వచనాలూ పక్కపక్కన బోర్డు మీద రాసి, తేడా పిల్లల్నే కనిపెట్టమనండి.